బోర్డు మీద బిళ్ళ లేదు

ఏప్రిల్ 4

ఈ రిజిస్టరు ఆఫీసుది. తేదీ, గది, సిలిండర్ నంబరు, బరువు, సంతకం అని గళ్ళు అచ్చువేసి ఉన్నాయి. ఇరవై ఏళ్ళకు పైగా ఈ గళ్ళలో అంకెలు తప్ప ఇంకేమీ రాసి ఎరగను. ఇవాళ గళ్ళ మీదుగా అడ్డంగా రాసుకుంటూ పోతున్నాను. ఎవరైనా చూస్తే పిచ్చి పట్టిందనుకుంటారు. మధ్యాహ్నం భోజనానికి అందరూ వెళ్ళాక వ్యాన్‌లో కూర్చుని రాస్తున్నాను కాబట్టి చూసేవాళ్ళెవరూ లేరు.

రాయమన్నది మా ఆవిడ. "నాతో ఎలాగూ చెప్పరు. కనీసం కాగితంతోనైనా చెప్పుకోండి" అంది.

సరే, జరిగింది జరిగినట్టు రాస్తాను. మార్చి 19. పాత దస్త్రాలు దాచే పెద్ద భవనం, నేల కింద ఉన్న రికార్డు గది. కాగితాల మీద నీళ్ళు కొట్టకూడదని అక్కడ మంటలార్పడానికి సీవోటూ గ్యాస్ పెట్టారు. ఆరు నెలలకోసారి సర్వీసు మాది. నేను, మా అక్క మొగుడు, అంటే బావ. పని అయిపోయింది. నేను బయటికొచ్చాను. బోర్డు మీద బిళ్ళ లేదు. బిళ్ళ లేదంటే లోపల మనిషి లేడని అర్థం. గ్యాస్ పైపుకున్న లాక్ తీసి, పొగ తగిలితే దానంతటదే గ్యాస్ వదిలేలా ప్యానెల్‌ని ఆటోలో పెట్టి, వాచ్‌మన్ సంతకం కోసం పైకి వెళ్ళాను. సైరన్ మోగింది. పరిగెత్తుకుంటూ కిందికొచ్చాను. అప్పటికే గ్యాస్ వదిలేసింది. బావ లోపల ఉన్నాడు.

విచారణ అధికారికి ఇదే చెప్పాను. మేనేజరుకీ ఇదే, అక్కకీ ఇదే. బోర్డు మీద బిళ్ళ లేదు. ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

ఏప్రిల్ 5

ముప్పై దాకా లెక్కపెట్టడం ఆగట్లేదు. పొద్దున పొయ్యి మీద పాలు పెట్టి ముప్పై లెక్కపెట్టాను. పొంగలేదు. మళ్ళీ లెక్కపెట్టాను. మా ఆవిడ వచ్చి చూసి పొయ్యి వెలిగించింది.

ఏప్రిల్ 7

బావని కంపెనీలో అందరూ తక్కెడ అనేవాళ్ళు. సీవోటూ సిలిండర్‌లో గ్యాస్ ఎంతుందో పైనుంచి చూస్తే తెలియదు, తూచాల్సిందే. ఖాళీ బరువు సిలిండర్ మెడ మీద చెక్కి ఉంటుంది, అది తీసేస్తే మిగిలింది గ్యాస్. బావ సిలిండర్‌ని కాటాకి తగిలించకముందే చేత్తో కాస్త వంచి, "ఇది రెండు కిలోలు తగ్గిందిరోయ్" అనేవాడు. తూస్తే సరిగ్గా అంతే ఉండేది. ఆ జబ్బు ఇంట్లోనూ పోలేదు. కూరగాయల సంచి చేతికిస్తే "కొట్టువాడు వంద గ్రాములు నొక్కేశాడు" అనేవాడు. అక్క ఊరుకునేది కాదు. "నన్ను కూడా తూచే చేసుకున్నారా?" అనేది. "తూచాక భయపడి చేసుకున్నాను" అనేవాడు.

నాకీ పని నేర్పింది ఆయనే. అక్క పెళ్ళినాటికి నాకు చదువు అబ్బలేదు, పని దొరకలేదు, తిండికి మాత్రం లోటు చేసేవాణ్ణి కాదు. బావ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, పొగని పసిగట్టే డిటెక్టర్ కింద పొగ స్ప్రే కొట్టి చూపించాడు. "నిప్పు లేనిదే పొగ రాదంటార్రా లోకంలో. మనం డబ్బాలోంచి తెప్పిస్తాం" అన్నాడు. నవ్వాను. వెంటనే ఆయన నవ్వు ఆపేశాడు. "విను. ఈ గ్యాస్ మంటని చంపుతుంది. మంటకీ మనిషికీ తేడా దానికి తెలియదు. రంగుండదు, వాసనుండదు. గాలిని తోసేసి నేల మీద పడుకుంటుంది. నాలుగు గుక్కలు పీలిస్తే చాలు, కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోతాడు."

అందుకే లాక్, అందుకే బిళ్ళలు. గదిలోకి వెళ్ళేముందు గ్యాస్ పైపు మీదున్న మీటని అడ్డంగా తిప్పి తాళం వెయ్యాలి. దాన్నే లాక్ అంటాం. అది పడి ఉంటే సైరన్ ఎన్నిసార్లు మోగినా గ్యాస్ గదిలోకి రాదు. తర్వాత తలుపు పక్కనున్న బోర్డుకి ఎవరి ఇత్తడి బిళ్ళ వాళ్ళు తగిలించి లోపలికి వెళ్ళాలి. బయటికొచ్చాక ఎవరిది వాళ్ళు తీసుకోవాలి. బోర్డు ఖాళీ అయితేనే లాక్ తీయాలి. ఆకాశం విరిగి మీద పడుతున్నా సరే, ఇంకొకరి బిళ్ళ ముట్టుకోకూడదు.

మా బిళ్ళలకి తాళ్ళు అక్కే అల్లింది, మందపాటి నూలుతో. బావకి ఎర్రది, నాకు నీలం. "ఎప్పుడూ చీకటి గదుల్లోనే తిరుగుతారు, తాళ్ళయినా రంగుగా ఉండనీయండి" అంది.

ఏప్రిల్ 8

నిన్న సాయంత్రం మా ఆవిడ తలనొప్పిగా ఉందని నొప్పుల బామ్ రాసుకుంది. నేను ఇంట్లో అడుగుపెట్టగానే తలుపులూ కిటికీలూ బార్లా తెరిచి, ఆవిడ చెయ్యి పట్టుకుని మెట్ల మీదికి ఈడ్చుకుపోయాను. పక్కింటావిడ కంగారుగా "ఏమైందండీ?" అని బయటికొచ్చింది. మా ఆవిడ జుట్టు సర్దుకుని, "ఏం లేదండీ, ఈయనకి ఉన్నట్టుండి నా మీద ప్రేమ పొంగింది" అంది. అలా నా పరువు నిలబెట్టింది. లోపలికొచ్చాక ఏడ్చింది.

ఆవిడకేం తెలుసు. గ్యాస్‌కి వాసన ఉండదు కాబట్టి పైపులో ఒక చిన్న గాజు గొట్టం పెడతారు. గ్యాస్ దూసుకొచ్చినప్పుడు అది పగిలి అందులోని నూనె కలుస్తుంది, ముక్కున్నవాడెవడైనా పసిగట్టి దూరంగా పోతాడని. ఆ నూనెదీ బామ్‌దీ ఒకటే వాసన. ఆ రోజు తలుపు కింది సందులోంచి మొదట వచ్చింది అదే. ఫైర్‌వాళ్ళు మాస్కులు పెట్టుకుని, వీపున గాలి సిలిండర్లు కట్టుకుని తలుపు తెరిచేసరికి వరండా అంతా గుప్పుమంది. ఏ ముసలాయనో మోకాళ్ళకి రాసుకుని కూర్చున్నట్టుంది. బావని బయటికి తెచ్చారు. కళ్ళజోడు పెట్టుకునే ఉన్నాడు.

కళ్ళజోడు సంగతి ఎందుకు రాశానో నాకే తెలియదు.

ఏప్రిల్ 11

అక్క ఇంటికి వెళ్ళాను. ఇల్లంతా తిరగేసి ఉంది. బీరువాలోని బట్టలన్నీ మంచం మీద, వంటింట్లో డబ్బాలన్నీ నేల మీద. మధ్యలో అక్క చీర చెంగు బిగించి నిలబడి ఉంది.

"ఏంటక్కా ఇది?"

"బిళ్ళ రా. మీ బావ బిళ్ళ."

విచారణ అధికారి నడివయసు ఆవిడ, మెల్లగా మాట్లాడుతుంది. ఆవిడ అక్కతో చెప్పిందట. బిళ్ళ బోర్డు మీద లేదు, ఒంటి మీద లేదు, గదిలో ఎక్కడా దొరకలేదు. కాబట్టి ఆ రోజు ఆయన బిళ్ళ ఇంట్లో మర్చిపోయి, తగిలించకుండానే లోపలికి వెళ్ళి ఉంటారు. ఇంట్లో దొరికితే తెచ్చివ్వండి, తప్పు ఆయనదేనని రాసి ఫైలు మూసేస్తాం. మే ఆరున ఆఖరి విచారణ.

"పాతికేళ్ళు నా ప్రాణం తోడేశాడు రా. పొయ్యి కట్టేశావా, గడియ పెట్టావా, ఇస్త్రీపెట్టె తీగ పీకావా అని. లోకానికంతా జాగ్రత్తలు చెప్పి, తన బిళ్ళ మాత్రం ఇంట్లో పారేసి వెళ్ళి చచ్చాడు. నాకు ఏడుపు కూడా రావట్లేదు. కోపం వస్తోంది. గోడ మీద ఆయన ఫొటో చూస్తే రెండు తగిలించాలనిపిస్తోంది" అంది అక్క.

"ఊరుకో అక్కా" అన్నాను.

"ఊరుకోను. నువ్వూ వెతుకు."

చొక్కా చేతులు మడిచి వెతికాను. మంచం కింద, పరుపు కింద, బావ ప్యాంట్ల జేబుల్లో, కుట్టుమెషిన్ సొరుగులో. గంటన్నర వెతికాను. లేదని తెలిసిన చోట మనిషి ఎంత శ్రద్ధగా వెతకగలడో నాకు ఇవాళే తెలిసింది.

పై వాక్యం కొట్టేయాలి.

ఏప్రిల్ 12

తిరిగి లోపలికి వెళ్ళేటప్పుడు బావ నాతో ఏమీ చెప్పలేదు. చెప్పి ఉంటే సంగతి వేరు.

ఏప్రిల్ 16

మళ్ళీ పనిలోకి పంపారు. ఇన్నాళ్ళూ వ్యాన్‌లో కూర్చోబెట్టి కాగితాలు రాయించారు. ఇవాళ ఒక ఆఫీసులో కంప్యూటర్లన్నీ పెట్టిన చల్లటి గది. కొత్త జోడీ, రిటైర్ కావడానికి రెండేళ్ళున్న ఎలక్ట్రీషియన్. అందరూ పెద్దాయన అంటారు. మంచివాడు, మాట తక్కువ, దగ్గు ఎక్కువ.

లాక్ వేశాను. వేశానో లేదో చూశాను. మళ్ళీ చూశాను. పెద్దాయన "అది ఎక్కడికీ పోదులే నాయనా" అన్నాడు. బిళ్ళలు తగిలించి లోపలికి వెళ్ళాం. సైరన్ పరీక్ష చేసినప్పుడు నేను గోడకి ఆనుకుని నిలబడిపోయాను. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ముప్పై. ఏమీ జరగలేదు. నాలుక మీద పుల్లగా అనిపించింది. ఆ గ్యాస్ నోట్లో అలాగే ఉంటుంది, కానీ అక్కడ గ్యాస్ లేదు.

బయటికొచ్చాక పెద్దాయన తన బిళ్ళ తీసుకుని, పనిలో పనిగా నాది కూడా తియ్యబోయాడు. అంతే, నాకేమైందో తెలియదు. ఆయన చెయ్యి మీద కొట్టాను. "వేరేవాడి బిళ్ళ ముట్టుకుంటావా? బుద్ధుందా నీకు? మనిషి లోపల ఉంటే?" అని అరిచాను. అద్దాల వెనక పనిచేసుకుంటున్న వాళ్ళందరూ తలలెత్తి చూశారు.

పెద్దాయన చెయ్యి రుద్దుకుంటూ, "నువ్వు నా ఎదురుగానే ఉన్నావు కదయ్యా" అన్నాడు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడట. ఇక్కడ ఆ మాట కూడా ఎవరూ అనలేదు.

ఏప్రిల్ 17

ఆ రోజు బావ ఏదో అన్నాడు. నాకు సరిగ్గా వినబడలేదు.

ఏప్రిల్ 21

బామ్ డబ్బా పారేసి రెండు వారాలైంది. అయినా ఇంట్లో ఆ వాసన వస్తూనే ఉంది. నా బుర్ర పాడైందనుకున్నాను, ఎవరితోనూ అనలేదు. ఇవాళ పొద్దున మా ఆవిడే ముక్కు ఎగరేసి, "ఏమండీ, నాకూ వస్తోంది" అంది.

స్టూలు వేసుకుని అటక మీద వెతికి, ప్లాస్టిక్ సంచిలో మూట కట్టిన చొక్కా బయటికి లాగింది.

"ఇది ఆ రోజు చొక్కా కదండీ. ఇలా దాచారేంటి? ఇవ్వండి, ఉతికేస్తాను."

"దాన్ని ముట్టుకోకు."

"చొక్కాలో ఏముంది?"

"చొక్కాలో ఏముంటుంది, చొక్కాయే ఉంటుంది" అని లాక్కున్నాను.

ఆవిడ స్టూలు మీదే నిలబడి నన్ను చాలాసేపు చూసింది. దొంగకి తేలు కుట్టినట్టుంది నా పరిస్థితి. అరవడానికి లేదు, ఊరుకోడానికి లేదు. సంచి మళ్ళీ ముడివేసి అటక మీదే పెట్టాను.

జేబులో ఏముందో నాకు తెలుసు. ఇక్కడ రాయను.

ఏప్రిల్ 25

అక్క బావ కుర్చీని గోడ వైపు తిప్పేసింది. భోజనం బల్ల దగ్గర ఆయన రోజూ కూర్చునే కుర్చీ. "ఎదురుగా ఉంటే ముద్ద దిగట్లేదు. పాడు మొహం నాకు చూపించొద్దన్నాను" అంది. కుర్చీ ముక్కుని గోడకి ఆనించి శిక్ష వేసినట్టుంది.

మనిషి సగమైంది. మూడోసారి కుట్టుమెషిన్ సొరుగు వెతికింది, నేనూ పక్కనే కూర్చుని దారపు ఉండలు ఒక్కొక్కటీ తీసి చూశాను. తర్వాత అక్క ఆసుపత్రి వాళ్ళిచ్చిన కవరు చూపించింది. ఆ రోజు బావ ఒంటి మీది బట్టలు అందులో ఉన్నాయి. విప్పకుండానే నాకు తెలిసిపోయింది.

"ఒక్కసారి విప్పానురా. మూడు రోజులు ఎంత కడిగినా చేతులకి పోలేదు ఆ వాసన. ఏంటది?"

గాజు గొట్టం సంగతి చెప్పాను.

"అందుకేనా మీ బావ బామ్ డబ్బా ఇంట్లోకి రానిచ్చేవాడు కాదు? నడుం నొప్పితో చస్తున్నా, పని వాసన ఇంట్లో వద్దనేవాడు. అంత పట్టింపు ఉన్న మనిషి బిళ్ళ ఎలా మర్చిపోయాడురా? అదే నాకు అర్థం కావట్లేదు. నాకు అబద్ధం చెప్పనివాడివి నువ్వొక్కడివే మిగిలావు. ఆయన నిజంగా అంత నిర్లక్ష్యంగా పోయాడా?"

"బోర్డు మీద బిళ్ళ లేదక్కా" అన్నాను.

అక్క తల ఊపి, ఫొటో వైపు తిరిగి, "విన్నారా?" అంది.

నేను వ్యాన్‌లో కూర్చుని, తాళం తిప్పకుండా ముప్పై లెక్కపెట్టాను.

ఏప్రిల్ 26

రాస్తాను. ఎవరూ చదవరు కదా. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు, పడనీ.

ఇద్దరం కలిసే బయటికొచ్చాం. పదకొండూ నలభై. డిటెక్టర్లకి పొగ కొట్టి, సైరన్ నాలుగుసార్లు మోగించి చూశాం, అంతా సవ్యంగా ఉంది. నేను బోర్డు పక్కన నిలబడి రిజిస్టరు నింపుతున్నాను. బావ జేబు తడుముకున్నాడు. "ఒరేయ్, కళ్ళజోడు లోపల అర మీద పెట్టి మర్చిపోయా. తెచ్చుకుంటానుండు" అన్నాడు.

నేను "ఊఁ" అన్నాను.

విన్నాను. స్పష్టంగా విన్నాను. అంకెలు రాస్తూ తల ఎత్తకుండా "ఊఁ" అన్నాను.

అప్పటికి రెండు బిళ్ళలూ బోర్డు మీదే ఉన్నాయి. ఇంకా తీయలేదు. పదకొండేళ్ళుగా మా అలవాటు ఏంటంటే, ఎవరి చెయ్యి ఖాళీగా ఉంటే వాళ్ళు రెండూ తీసేయడం. తప్పని ఇద్దరికీ తెలుసు. మొదట్లో ఒకసారి నేనే "బావా, రూలు" అంటే, "బావాబామ్మర్దుల మధ్య నీది నాది ఏంట్రా" అన్నాడు. ఎప్పుడూ కలిసే వచ్చేవాళ్ళం మరి. రెండింటినీ గుప్పిట్లో పట్టి లాగితే గల్లుమనేవి. అది మాకు పని అయిపోయిన చప్పుడు. అది వినబడితే బావ వ్యాన్ తాళాలు బయటికి తీసేవాడు.

రిజిస్టరు మూశాను. రెండు బిళ్ళలూ గుప్పిట్లో పట్టి లాగాను. జేబులో వేసుకున్నాను. బోర్డు చూశాను. బోర్డు మీద బిళ్ళ లేదు. లాక్ తీశాను, ప్యానెల్ ఆటోలో పెట్టాను, మెట్లెక్కాను. పెద్ద తొందరేం లేదు. ఆకలేసింది, అంతే.

పైన వాచ్‌మన్ సంతకం పెడుతుండగా సైరన్ మోగింది. మేం కొట్టిన పొగ డిటెక్టర్లలో ఇంకా పూర్తిగా పోలేదు. నేను ఇంకాసేపు ఆగాల్సింది. వాచ్‌మన్ పెన్ను ఆపి "ఏంటండీ అది?" అన్నాడు. "కంగారు పడకండి, లోపల ఎవరూ లేరు" అన్నాను. ఈ మాట ఆయన విచారణలో కూడా చెప్పాడు, నాకు మేలు చేస్తున్నాననుకుని.

సైరన్ మొదలయ్యాక ముప్పై సెకన్లకి గ్యాస్ వస్తుంది. తలుపు పక్కన ఆపే బటన్ ఉంది, నొక్కి పట్టుకుంటే రాదు. మెట్లు ఇరవై రెండు. సైరన్ వినగానే పరిగెత్తానని అందరికీ చెప్పాను. పరిగెత్తలేదు. ముందు ఆ సంతకం పూర్తి చేయించుకున్నాను. గ్యాసంతా వృథా, మేనేజరు నన్ను బతకనివ్వడు అనుకుంటూ లేచాను. మెట్ల దగ్గరికి వచ్చాక కళ్ళజోడు గుర్తొచ్చింది. అప్పుడు పరిగెత్తాను. నేను కిందికి దిగేసరికి తలుపు అద్దం అవతల, గ్యాస్ చలికి మంచు కమ్మినట్టు అంతా తెల్లగా ఉంది.

కళ్ళజోడు పెట్టిన అర తలుపుకి పన్నెండు అడుగుల దూరం. ముప్పై సెకన్లు ఉన్నాయి. బావ ఎందుకు బయటికి రాలేదో నాకు తెలుసు. అది మాత్రం ఇక్కడ కూడా రాయలేను.

మే 1

మేనేజరు పిలిచాడు. "అడిగినదానికే జవాబు చెప్పు. పోయినవాడికి ఇప్పుడు కొత్తగా పోయేదేముంది?" అన్నాడు. ఆయనకేమీ తెలియదు. తెలిసినవాడిలా మాట్లాడాడు, అంతే.

పోయినవాడికి పోయేదేమీ లేకపోతే అక్క రోజూ ఎవరిని తిడుతోంది?

మే 2

అక్క ప్రశాంతంగా ఉండాలి. ఈ వెతుకులాట ఆగాలి. లేకపోతే మనిషి మంచం పడుతుంది. ఇది అక్క కోసమే.

అటక మీంచి సంచి దించాను. ఎర్రతాడు బిళ్ళని సబ్బుతో తోమాను, ఇత్తడి కొత్తదానిలా మెరిసింది. మధ్యాహ్నం అక్క ఇంటికి వెళ్ళి, అక్క నాకు టీ పెట్టడానికి లోపలికి వెళ్ళినప్పుడు, కుట్టుమెషిన్ సొరుగులో దారపు ఉండల కింద పెట్టేశాను. టీ తాగాను. చక్కెర ఎక్కువైందని కూడా అన్నాను.

మే 3

ఫోను రాలేదు.

మే 4

రాలేదు. అయినా ఇది అక్క కోసమే.

మే 5

పొద్దున అక్క ఫోను చేసింది. "దొరికిందిరా. రా" అంది. ఇంకేమీ అనలేదు.

వెళ్ళేసరికి భోజనం బల్ల మీద బిళ్ళ ఉంది. పక్కన ఆసుపత్రి కవరు. బావ కుర్చీ ఇంకా గోడ వైపే ఉంది. అక్క మొహంలో కోపం లేదు. చూసి నాకు భయమేసింది.

"హమ్మయ్య, ఎక్కడ దొరికింది?" అన్నాను.

"కుట్టుమెషిన్ సొరుగులో. నువ్వూ నేనూ కలిసి వెతికిన సొరుగు."

"దారాల కింద కనబడలేదేమో అక్కా."

"కనబడలేదేమో. తీసుకుని వాసన చూడు."

బిళ్ళకి ఏ వాసనా లేదు.

"బిళ్ళ కాదు రా. తాడు."

నెలన్నర నుంచీ నా ముక్కులో ఎప్పుడూ ఉండే వాసనే. అందుకే నా ముక్కు దాన్ని పట్టించుకోలేదు. మందపాటి నూలు. బిళ్ళని తోమాను గానీ తాడు సంగతి నాకు తట్టలేదు.

"మా ఆవిడ బామ్..." అని మొదలుపెట్టాను.

"ఒరేయ్. మూడు రోజులు నా చేతులకి పోని వాసన నాకు తెలియదా?" అని అక్క కవరు మూతి తెరిచి తాడు పక్కన పెట్టింది. "ఆ రోజు ఇంట్లోనే ఉండిపోయిన బిళ్ళకి ఆ గది వాసన ఎలా వచ్చింది?"

అక్క కవరు మూతి మళ్ళీ మడిచింది.

"ఆయన తగిలించాడా?"

"తగిలించాడు."

"తీసిందెవరు?"

"నేనే అక్కా. రెండూ కలిపి తీసేశాను. కళ్ళజోడు కోసం వెళ్తున్నానని నాతో చెప్పాడు కూడా. విని కూడా తీశాను."

కొడుతుందనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. గోడ మీది ఫొటో వైపు చూసింది, తర్వాత గోడకి తిప్పిన కుర్చీ వైపు చూసింది. "నలభై ఏడు రోజులు తిట్టానురా ఆయన్ని. లేస్తే తిట్టాను, కూర్చుంటే తిట్టాను. వచ్చినవాళ్ళందరి ముందూ తిట్టాను. ఆ మాటలు నేనిప్పుడు ఎలా వెనక్కి తీసుకోను?" అంది. అని, మొదటిసారి ఏడ్చింది. మొగుడు పోయిన నలభై ఏడు రోజులకి. నేను చెయ్యి చాచాను. "ముట్టుకోకు" అంది.

కాసేపటికి కళ్ళు తుడుచుకుంది. "రేపు నువ్వే చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను. కానీ నేను చెప్పాలంటే, నేనెత్తుకుని పెంచిన తమ్ముడు అబద్ధాలకోరని చెప్పాలి. నా చేత ఆ పని చేయించకు."

సాయంత్రం మా ఆవిడకి చెప్పాను. ఆవిడ విని, "ఏప్రిల్‌లోనే ఆ జేబు చూశానండీ. మీ నోటితో మీరే చెబుతారని ఆగాను" అంది. ఆ చొక్కా తీసుకెళ్ళి నానబెట్టింది.

మే 6

విచారణ గదిలో పొడుగు బల్ల, నాలుగు కుర్చీలు, మూలన ఒక ఎర్ర అగ్నిమాపక సిలిండర్. దాని చీటీ మీద గడువు దాటిపోయింది. అలవాటు కొద్దీ చూశాను.

రెండు బిళ్ళలూ బల్ల మీద పెట్టాను. అక్క తెచ్చిచ్చిన ఎర్రది, నా నీలం. ఏప్రిల్ 26న రాసిందంతా అధికారికి నోటితో చెప్పాను. మేనేజరు రెండుసార్లు దగ్గాడు, నేను ఆగలేదు. వాచ్‌మన్‌తో ఏమన్నానో కూడా చెప్పాను. ఆవిడ మెల్లగా రాసుకుంది. నామీద కేసు అవుతుందని, ఈ పని ఇక చెయ్యనివ్వరని చెప్పింది. సరే అన్నాను. నిజంగానే సరే అనిపించింది.

తర్వాత పెన్ను పక్కన పెట్టి అడిగింది. "ఒక్కటి అర్థం కాలేదు. ముప్పై సెకన్లు సైరన్ మోగింది. తలుపు పన్నెండు అడుగులు. ఆయన ఎందుకు బయటికి రాలేదు?"

ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు. అక్క తల తిప్పి నా వైపు చూసింది. పొద్దున్నుంచీ అదే మొదటిసారి.

"అంతకుముందు నాలుగుసార్లు మోగించాం కదండీ. ఐదోసారి కూడా నేనే పరీక్ష చేస్తున్నాననుకున్నాడు. లాక్ వేసి ఉందనుకున్నాడు, తన బిళ్ళ బోర్డు మీదే ఉందనుకున్నాడు. బయట నేనున్నాను కాబట్టి భయం లేదనుకున్నాడు. అందుకే రాలేదు."

అక్క అడిగింది, "కళ్ళజోడు దొరికిందా ఆయనకి?"

"దొరికిందక్కా. పెట్టుకునే ఉన్నాడు. కింద కూర్చుని, సర్వీసు కార్డు మీద నేను రాసిన బరువులు సరిచూస్తున్నాడు. చేతిలో పెన్సిల్ ఉంది."

అక్క చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అధికారి కిటికీ వైపు చూసింది.

ఎర్రతాడు బిళ్ళని ఫైలు ముగిశాక ఇస్తామన్నారు. అక్క తల ఊపింది. నేను వెనకాలే నడిచాను, ఇంటి దాకా. మెట్లెక్కి తాళం తీసి లోపలికి వెళ్ళి, నా మొహం మీద తలుపు వేసుకుంది. గట్టిగా కాదు, మామూలుగానే వేసింది. లోపల గడియ పడింది.

గుమ్మం బయట నిలబడ్డాను. తలుపు తీస్తుందేమోనని ఆశ. లోపల అక్క ఏదో మాట్లాడుతోంది, నాతో కాదు. తర్వాత నేల మీద కుర్చీ జరిపిన చప్పుడు వచ్చింది. గోడ దగ్గర్నుంచి భోజనం బల్ల దాకా, మెల్లగా ఈడుస్తున్నట్టు.

మెట్లు దిగి వచ్చేశాను.